వీపు మీద గడ్డ తగిలింది, నొప్పి లేదు. క్యాన్సర్ అయ్యుంటుందా?

స్నానం చేస్తుంటే వీపు మీద ఉసిరికాయంత గడ్డ చేతికి తగిలిందని, నొప్పి లేదని, ఎప్పటి నుంచి ఉందో తెలియక నిద్ర పట్టడం లేదని రాశారు. మూడేళ్ల కిందట నా పరిస్థితీ ఇదే.

ఒక ఆదివారం తలంటు పోసుకునే ముందు మా ఆవిడ వీపుకి నూనె రాస్తూ ఆగిపోయింది. "ఏమండీ, ఇక్కడేదో ఉబ్బుగా ఉంది" అంది. కుడి భుజం రెక్క కింద, మెత్తగా. అది ఎన్నాళ్ల నుంచి ఉందో ఇద్దరికీ తెలియదు. అమ్మకి ఫోన్ చేస్తే సున్నం, బెల్లం కలిపి పట్టు వెయ్యమంది. నేను వెయ్యలేదు. సొంత వైద్యం ఎలా వికటిస్తుందో అప్పటికే చూశాను కాబట్టి. మా బాబాయి వీపు మీద మధ్యలో నల్ల చుక్కతో ఒక గడ్డ ఉండేది. పిండితే తెల్లగా, కంపు కొట్టే ముద్ద వచ్చేది. అలా పిండీ పిండీ చీము పట్టింది, చలిజ్వరం వచ్చింది. ఆస్పత్రిలో చేర్చాక షుగర్ 300 దాటి ఉందని తెలిసింది. అప్పటిదాకా తనకు షుగర్ ఉందనే ఆయనకి తెలియదు. అలాంటి గడ్డకి లోపల సంచి ఉంటుంది. సంచి మొత్తం తియ్యకపోతే మళ్లీ వస్తుంది. అందుకే దయచేసి పిండకండి, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర కోయించుకోకండి.

నేను జనరల్ సర్జన్‌కి చూపించుకున్నాను. ఆయన వేలితో గడ్డ అంచు నొక్కితే అది పక్కకి జారింది. పైన చర్మం పట్టుకుని లాగితే విడిగా లేచింది. "కొవ్వు గడ్డలా ఉంది, లైపోమా అంటాం" అన్నారు. అల్ట్రాసౌండ్‌లోనూ అదే వచ్చింది. నాలుగు సెంటీమీటర్లు. అలాగే వదిలెయ్యవచ్చన్నారు కానీ, బస్సు సీటుకి ఆనుకుంటే ఒత్తుకుంటోందని తీయించుకున్నాను. ఆ చోట మాత్రమే మత్తు ఇచ్చారు, అరగంటలో అయిపోయింది. స్టీలు ట్రేలో చూపిస్తే పసుప్పచ్చని వెన్నముద్దలా ఉంది. దాన్ని బయాప్సీకి పంపారు. రిపోర్టు వచ్చేదాకా ఆ వారం రోజుల టెన్షన్ మాత్రం మాటల్లో చెప్పలేను. లైపోమా అనే వచ్చింది.

వీపు మీద వచ్చే గడ్డల్లో ఎక్కువ శాతం ఈ రెండు రకాలే (బాబాయికి వచ్చిన సంచి గడ్డ, నాకొచ్చిన కొవ్వు గడ్డ), కాబట్టి ముందే గుండె జారిపోనివ్వకండి. కానీ నొప్పి లేదు కదా అని వదిలెయ్యడం తప్పు. అరుదుగా వచ్చే క్యాన్సర్ గడ్డ కూడా మొదట్లో నొప్పి లేకుండానే ఉండొచ్చు. చూడాల్సింది వేరే: ఐదు సెంటీమీటర్లు దాటిందా, నెలల్లోనే పెరుగుతోందా, గట్టిగా ఉండి కదలడం లేదా, ఒకసారి తీయించాక మళ్లీ వచ్చిందా. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చెయ్యకండి. ఎర్రబడి, వేడిగా ఉండి జ్వరం వస్తే ఆ రోజే వెళ్లాలి, షుగర్ ఉన్నవాళ్లు మరీ ముఖ్యంగా.

ఈరోజే ఇంట్లోవాళ్ల చేత గడ్డ పక్కన రూపాయి బిళ్ల పెట్టించి ఫొటో తీయించుకోండి. పెరుగుతోందో లేదో తర్వాత పోల్చి చూసుకోవచ్చు. ఈ వారంలోనే సర్జన్ దగ్గరకి వెళ్లండి. చొక్కా విప్పించకుండా, చేత్తో తాకి చూడకుండా మందు రాసేస్తే మాత్రం ఇంకొకరికి చూపించుకోండి.