చేత్తో రన్ చేస్తే వచ్చే బ్యాకప్ క్రాన్‌లో ఎందుకు రాదు?

మీరు అడిగింది: "రోజూ రాత్రి 2 గంటలకు డేటాబేస్ బ్యాకప్ తీయమని ఉబుంటు సర్వర్‌లో క్రాన్ పెట్టాను. లైను 0 2 * * * తో మొదలై >/డెవ్/నల్ 2>&1 తో ముగుస్తుంది. చేత్తో రన్ చేస్తే వస్తోంది, క్రాన్‌లో రావడం లేదు. టైము రాయడంలో తప్పు చేశానా?"

టైములో తప్పేమీ లేదండి. క్రాన్ అంటే చెప్పిన టైముకి పనులు తనంతట తానే నడిపే ప్రోగ్రాము, దానికి 0 2 * * * అంటే రాత్రి 2 గంటలే. నా కళ్లు పడింది ఆ లైను చివర మీరు తగిలించిన >/డెవ్/నల్ 2>&1 మీద. స్క్రిప్టు చెప్పే మాటలు, ఎర్రర్లు అన్నీ ఎక్కడా కనపడకుండా పారేసేది అదే. ముందు దాన్ని తీసేయండి. మీ స్క్రిప్టు ఏదో చెప్పాలని చూస్తోంది, మీరేమో దాని నోరు నొక్కేశారు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టుకి కంప్యూటర్లు చూసేవాణ్ణి. ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) వచ్చాయి, కాటా ఎంత తూగింది, రైతుకి ఎంత ఇవ్వాలి, అన్నీ ఒకే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఉండేవి. సంక్రాంతి సెలవుల్లో సర్వర్ మార్చాను. పాతదాంట్లో మైఎస్‌క్యూఎల్ ప్యాకేజీగా వేసింది కాబట్టి డేటాబేస్‌ని ఫైలుగా తీసే డంప్ కమాండు /యూఎస్ఆర్/బిన్‌లో ఉండేది. కొత్తదాంట్లో టార్ ఫైలు (ఫైళ్లన్నీ కట్టిన మూట) విప్పి /యూఎస్ఆర్/లోకల్ కింద పెట్టాను. బ్యాకప్ స్క్రిప్టు చేత్తో రన్ చేశాను, బ్రహ్మాండంగా వచ్చింది. పాత క్రాన్ లైను అలాగే తెచ్చి అతికించి ఇంటికి వెళ్లిపోయాను.

ఫిబ్రవరిలో, సీజను మంచి ఊపు మీద ఉండగా, సర్వర్ డిస్కు పోయింది. నాకేం కంగారు లేదు, బ్యాకప్ వేరే డిస్కులో పడుతోంది కదా. దాన్ని నా లాప్‌టాప్‌కి తగిలించి చూశాను. 8 ఫైళ్లు ఉన్నాయి, తేదీలు సరిగ్గా ఉన్నాయి, టైము రాత్రి 2 గంటలే. పక్కన సైజు చూస్తే 20 బైట్లు. పైనుంచి కిందిదాకా 20, 20, 20. ఏమీ లేని దాన్ని జీజిప్ (ఫైళ్లను కుదించే ప్రోగ్రాము) చేస్తే వచ్చే సైజు అది. చేతులు చల్లబడిపోయాయి.

జరిగింది ఇదీ. మనం లాగిన్ అయినప్పుడు ఉండే పాత్, అంటే కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా, క్రాన్‌కి ఉండదు. మన బ్యాష్ సెట్టింగులేవీ అది చదవదు, దానికి తెలిసింది /యూఎస్ఆర్/బిన్, /బిన్, అంతే. డంప్ కమాండు దొరకలేదు. దొరకలేదన్న ఎర్రర్ /డెవ్/నల్‌లోకి పోయింది. డంప్ ఇచ్చేదాన్ని జీజిప్‌కి అందించే పైపు ఉంది కదా, దాని అవతల ఉన్న జీజిప్ మాత్రం తన పని తను చక్కగా చేసింది. పైపులో చివరి కమాండు నెగ్గితే మొత్తం నెగ్గినట్టే షెల్ (కమాండ్లు నడిపేది) లెక్క. దాంతో నా స్క్రిప్టు "బ్యాకప్ అయింది" అనుకుని, వారం దాటిన పాత ఫైళ్లను రోజూ చెరిపేసుకుంటూ పోయింది. అసలైన బ్యాకప్పులు నా స్క్రిప్టు చేతుల్లోనే పోయాయి.

షావుకారు గారికి చెప్పడానికి నోరు రాలేదు. ఆయన విని, "కంగారుపడమాక బాబూ, తక్‌పట్టీల నకళ్లు ఉన్నాయిగా" అన్నారు. తక్‌పట్టీ అంటే రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీ. పాత సర్వర్ మూలన పడేసి ఉంది కాబట్టి సంక్రాంతి దాకా లెక్కలు దక్కాయి. ఆ తర్వాతవన్నీ గుమాస్తా గారు కాగితాలు చదువుతుంటే నేను టైపు కొట్టాను. నకళ్ల మీద కార్బన్ అక్షరాలు, వాటి మీద మిర్చి ఘాటు, తుమ్ముకుంటూ రాత్రిళ్లు కూర్చున్నాం.

అందుకే చెబుతున్నా. క్రాన్ లైన్లు ఉండే ఫైలు క్రాన్‌ట్యాబ్, దాని పైన పాత్ మొత్తం మీరే రాయండి. ఉన్న పాత్‌కి డాలర్ గుర్తు పెట్టి కలుపుదామంటే కుదరదు, అక్కడ క్రాన్ దాన్ని విప్పి చూడదు. స్క్రిప్టు మొదట్లో బ్యాష్‌కి పైప్‌ఫెయిల్ పెట్టండి, పైపులో ఏ కమాండు ఓడినా మొత్తం ఓడినట్టు లెక్కేస్తుంది. అవుట్‌పుట్టూ ఎర్రర్లూ ఒక లాగ్ ఫైల్లోకి పంపండి. క్రాన్ ఆ అవుట్‌పుట్‌ని మెయిల్ చేస్తుందిలే అనుకోకండి, మెయిల్ పంపే ప్రోగ్రాము లేకపోతే ఉబుంటులో క్రాన్ ఆ అవుట్‌పుట్‌ని పారేసి, పారేశానని సిస్టమ్ చిట్టా అయిన సిస్‌లాగ్‌లో ఒక ముక్క రాసుకుంటుంది. లైనులోనే తేదీ కోసం % గుర్తు వాడి ఉంటే దాని ముందు \ పెట్టాలి, లేకపోతే క్రాన్ అక్కడే లైను తెంపేస్తుంది. సర్వర్ క్లౌడ్‌లో ఉంటే టైమ్‌జోన్ కూడా చూసుకోండి. యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటే మీ రాత్రి 2 మన ఉదయం 7:30 అవుతుంది.

ఇంకో బాధ. క్రాన్‌ట్యాబ్‌ని ఎడిట్ చేయడానికి -ఇ, మొత్తం తీసేయడానికి -ఆర్. కీబోర్డు మీద ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయి, చాలా సిస్టమ్‌లలో అడగకుండానే తీసేస్తుంది. ఇన్నేళ్లైనా దీన్ని మార్చకపోవడం అన్యాయం. మీ క్రాన్‌ట్యాబ్ నకలు ఒకటి ఎక్కడైనా దాచుకోండి. నెట్‌లో ఎవరు ఏ జవాబు రాసినా చివర ఆ /డెవ్/నల్ ముక్క అలవాటుగా తగిలిస్తారు, అది ఏం చేస్తుందో మాత్రం చెప్పరు. కొత్తవాళ్లు దాన్ని మంత్రంలాగా ఎత్తి పెట్టుకుంటారు. నేనూ అలా పెట్టుకున్నవాణ్ణే.

ఆ తర్వాత ఆ కొట్లో ఇంకో ఏర్పాటు చేశాను. రోజూ బ్యాకప్ అయ్యాక ఫైలు సైజు గుమాస్తా గారి ఫోనుకి మెసేజ్‌గా వెళ్తుంది. ఆయనకి లినక్స్ తెలియదు, కానీ నిన్నటి అంకె, ఇవాళ్టి అంకె పక్కపక్కన పెట్టి చూడటం ఆయనకి చెప్పక్కర్లేదు. ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశారు, "బాబూ, ఇవాళ కబురు రాలేదు" అని. వెళ్లి చూస్తే రాత్రి ఎవరో మెయిన్ స్విచ్ కట్టేసి వెళ్లారు. మెషిన్ ఆగి ఉన్నప్పుడు తప్పిపోయిన పనిని క్రాన్ మళ్లీ చేయదు. ఆ రోజే దాన్ని క్రాన్‌లాగే టైముకి పని నడిపే సిస్టమ్‌డీ టైమర్‌కి మార్చి, తప్పిన పనిని మెషిన్ లేచాక చేసే పర్సిస్టెంట్ సెట్టింగు ఆన్ చేశాను. ఇప్పుడు రాత్రి కరెంటు కట్టేసినా, పొద్దున కొట్టు తెరిచి స్విచ్ వేశాక బ్యాకప్ మొదలవుతుంది. మెసేజ్ వచ్చేదాకా గుమాస్తా గారు బిల్లింగ్ మొదలుపెట్టరు.