సమాధానం: హాఫ్‌డ్రాప్ రిపీట్‌లో తెల్లచారలు

కుతుబ్‌షాహీ సమాధుల గచ్చుపని లతల్ని హాఫ్‌డ్రాప్‌లో (పక్క నిలువు వరుస సగం ఎత్తు కిందకి జరిగే రిపీట్) స్క్రీన్ ప్రింట్ చేస్తే నిలువు తెల్లచారలు పడుతున్నాయన్నారు. పాపం, స్క్రీన్‌ని అనకండి. మోటిఫ్‌లన్నీ టైలు (పదేపదే అచ్చయ్యే డిజైన్ ముక్క) అంచుకి లోపలే ఆగిపోయాయి. ఆ ఖాళీలే వరుసకట్టి చారలవుతున్నాయి.

మీ టైలు 24×32 సెం.మీ. కదా, నాలుగు జిరాక్సులు తీయండి. రెండింటిని ఒకదాని కింద ఒకటి, మిగతా రెండింటిని పక్కనే సగం ఎత్తు, అంటే 16 సెం.మీ. కిందకి జరిపి అతికించండి. అతుకుల మీదుగా ఆకులు, తీగలు గీయండి. అంచు దాటిన ముక్కని ఎదుటి అంచు దగ్గర ట్రేస్ చేయాలి: పైకిందుల్లో సూటిగా, పక్క అంచుల్లో 16 సెం.మీ. తేడాతో. పొరపాట్లు ఎక్కువ జరిగేది ఇక్కడే. స్క్రీన్ కోసం ఫిల్ము తీయించేముందు దూరం నుంచి కళ్ళు చికిలించి చూడండి.

రిఫ్లెక్షన్‌లో (చేసిన పని మీద మీరు రాసే నోట్‌లో) "చాలా నేర్చుకున్నాను" వద్దు. చారలొచ్చిన శాంపిల్, కారణం, సరిచేసిన టైలు పక్కపక్కన పెట్టండి.