అమెరికా ఫుట్‌బాల్ జోస్యాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పిల్లలు అమెరికాలో స్థిరపడినందువల్ల కోనసీమలోనూ, పశ్చిమ డెల్టాలోనూ సంక్రాంతి రోజులలో అమెరికా ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్ ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ ఆటలు) మాట కూడా వినిపిస్తున్నది. ఏ జట్టు గెలుస్తుందో ముందుగా చెప్పుకునే సరదా పోటీల గురించి వచ్చిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాము. ఆట తెలియనివారి కోసం రెండు మాటలు చెప్పుకుందాం. జట్టుకు పదకొండు మంది ఆడతారు. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు సాగాలి. బంతిని అవతలి చివరి గడిలోకి చేర్చితే టచ్‌డౌన్, అంటే 6 పాయింట్లు. ఆపైన గోల్ స్తంభాల మధ్య నుంచి తన్నితే మరొకటి. దారిలో ఆగిపోయి అక్కడి నుంచి తన్నితే వచ్చే ఫీల్డ్ గోల్‌కు 3 పాయింట్లు. మొత్తం 32 జట్లు రెండు కాన్ఫరెన్సులుగా ఉంటాయి. సీజన్‌లో ఒక్కొక్క జట్టు 17 ఆటలు ఆడిన తరువాత 14 జట్లు ప్లేఆఫ్స్‌కు చేరతాయి. అక్కడ జరిగేవి 13 ఆటలు, ఒక్కసారి ఓడితే ఆ ఏటికి కథ ముగిసినట్టే.

ప్రశ్న (అమలాపురం): మా పెద్దబ్బాయి డల్లాస్‌లోనూ, అమ్మాయి సియాటిల్‌లోనూ ఉంటారు. ఏటా ఇంటిల్లిపాదీ ప్లేఆఫ్స్ విజేతల పేర్లు ముందే రాసి, సరైనదానికి ఒక మార్కు వేసుకుంటాము. చివరికి అందరికీ దాదాపు ఒకే మార్కులు వస్తున్నాయి. అబ్బాయి మాత్రం ఎప్పుడూ తన ఊరి జట్టు డల్లాస్ కౌబాయ్స్ పేరే రాస్తాడు. ఇంతకంటే మంచి పద్ధతి ఉన్నదా?

జవాబు: బలమైన జట్టు ఏదో అందరికీ తెలిసినప్పుడు అందరూ దాని పేరే రాస్తారు కాబట్టి మార్కులు ఒకేలా రావడంలో వింత లేదు. గెలిచే జట్టు పేరుతో పాటు, అది గెలిచే అవకాశం నూటికి ఎంతో కూడా రాయించండి. వాతావరణ సూచనలు ఎంత సరిగ్గా ఉన్నాయో కొలవడానికి గ్లెన్ బ్రయర్ అనే అమెరికన్ వాతావరణ శాస్త్రవేత్త 1950లో ఒక లెక్క ప్రతిపాదించారు. జోస్యంలో చెప్పిన సంఖ్యకూ, జరిగినదానికీ మధ్య తేడాను వర్గం చేయడమే ఆ లెక్కకు మూలం (80 శాతాన్ని 0.8గా, గెలుపును 1గా, ఓటమిని 0గా తీసుకోవాలి). దానిని ఇంటి ఆటకు ఇలా మలచుకోవచ్చు: ఆ వర్గాన్ని వందతో గుణించి, 25లో నుంచి తీసివేయండి. 50 శాతం అన్నవారికి ఏమైనా సున్నాయే. 80 శాతం అని రాసినవారి జట్టు గెలిస్తే 21 మార్కులు వస్తాయి, ఓడితే 39 పోతాయి. నూటికి నూరు అని రాసినవారికి గెలిస్తే 25 వస్తాయి, ఓడితే ఏకంగా 75 పోతాయి.

ఈ పద్ధతిలోని అందం ఏమిటంటే, మనసులో ఉన్న నమ్మకాన్ని పెంచి రాసినా తగ్గించి రాసినా పోను పోను నష్టమే వస్తుంది; ఉన్నది ఉన్నట్టు రాసినవారికే లాభం. 2024 జనవరి 14న డల్లాస్ దగ్గరి ఆర్లింగ్టన్‌లో జరిగిన ఆట మీ అబ్బాయికి చేదుగానే గుర్తుండి ఉంటుంది. ఆ సీజన్‌లో సొంత మైదానంలో ఒక్క ఆటా ఓడని కౌబాయ్స్, తొమ్మిది గెలుపులతో ఏడవ స్థానంలో లోపలికి వచ్చిన గ్రీన్ బే ప్యాకర్స్ చేతిలో 48–32తో ఓడిపోయింది. సగం ఆట ముగియకముందే స్కోరు 27–0కు చేరింది. ఏడవ సీడ్ (ఏడవ స్థానపు) జట్టు ప్లేఆఫ్స్‌లో గెలవడం అదే మొదటిసారి. ఆ రోజు కౌబాయ్స్‌కు 60 శాతం ఇచ్చినవారికి పోయేది 11 మార్కులు మాత్రమే. నూరు శాతం అభిమానం గలవారి సంగతి పైనే చెప్పాను.

అభిమానాన్ని బొత్తిగా కాదనమని నేను చెప్పను. ప్రతి ఒక్కరికీ ఒక జట్టును ‘మనసు జట్టు’గా రాసుకునే హక్కు ఇచ్చి, దానికి మార్కులు లేకుండా కేవలం ఆనందం మాత్రమే ఉంచండి. అన్నిటికీ చివరి ఆట అయిన సూపర్ బౌల్‌ను కౌబాయ్స్ చివరిసారి గెలిచింది 1996 జనవరిలో. ఆ తరువాత ఆ జట్టు కాన్ఫరెన్స్ ఫైనల్ వరకైనా చేరలేదు. మీ అబ్బాయికి ఈ ఏర్పాటు చాలా మేలు చేస్తుంది.

ప్రశ్న (పాలకొల్లు): మా మనవడు పంపిన పట్టికలో రెండవ వారం ఎవరితో ఎవరు ఆడతారో ముందే గీతలు గీసి నింపాను. తీరా చూస్తే జతలు మారిపోయాయి. పొరపాటు నాదా, పట్టికదా?

జవాబు: పట్టికదే నండి. టెన్నిస్‌లో లాగా ఇక్కడ దారులు ముందుగా స్థిరపడవు. ప్రతి కాన్ఫరెన్స్‌లో ఏడు జట్లకు సీడ్ స్థానాలు ఇస్తారు. మొదటి సీడ్‌కు తొలి వారం విశ్రాంతి, మిగిలినవారిలో రెండుకు ఏడు, మూడుకు ఆరు, నాలుగుకు అయిదు ఎదురవుతాయి. రెండవ వారంలో, మిగిలిన జట్లలో అందరికంటే కింది సీడ్ ఏదైతే అది మొదటి సీడ్ ఇంటికి వెళ్లాలి. పైన చెప్పిన ప్యాకర్స్ అలాగే శాన్ ఫ్రాన్సిస్కో వెళ్లి, అక్కడ 24–21తో ఓడిపోయింది. అందువల్ల ముందే అంతా నింపాలనుకుంటే జతలు రాయకుండా, ఏ జట్టు ఎన్ని ఆటలు గెలుస్తుందో రాయడం మంచిది.

మరొక చిక్కు కూడా ఉన్నది. ప్రతి కాన్ఫరెన్స్‌లోనూ జట్లు నాలుగు డివిజన్లుగా, అంటే చిన్న గుంపులుగా ఉంటాయి; మొదటి నాలుగు సీడ్లు ఆ డివిజన్ల విజేతలవే. వాటి గెలుపుల సంఖ్య ఎంత తక్కువైనా ఆ స్థానం పోదు. 2010 సీజన్‌లో ఏడు గెలుపులు, తొమ్మిది ఓటములతో సియాటిల్ సీహాక్స్ తమ డివిజన్‌లో మొదటిదై, పదకొండు గెలుపులున్న న్యూ ఆర్లీన్స్ సెయింట్స్‌ను సొంత మైదానానికి రప్పించుకున్నది. అందరూ సెయింట్స్ పేరే చెప్పారు. సీహాక్స్ 41–36తో గెలిచింది. చివరలో మార్షాన్ లించ్ 67 గజాలు పరుగెత్తినప్పుడు ప్రేక్షకులు వేసిన గంతులను దగ్గరలోని భూకంప పరికరాలు నమోదు చేశాయి. సీడ్ సంఖ్యను చూసి బలాన్ని లెక్కగట్టకూడదు, గెలుపుల సంఖ్యను చూసి ఆటను తేల్చనూ కూడదు.

ప్రశ్న (భీమవరం): మా వైపు కోళ్లకు కుక్కుట శాస్త్రం ఉన్నది. ఏ వారం, ఏ నక్షత్రంలో డేగ గెలుస్తుందో, కాకి గెలుస్తుందో పెద్దలు చెబుతారు. ఈ ఆటకు అటువంటి శాస్త్రం ఏదైనా ఉన్నదా?

జవాబు: అటువంటి నమ్మకాలు అక్కడి అభిమానులకూ తక్కువేమీ కావు, గెలిచిన రోజు వేసుకున్న చొక్కాను ఉతకకుండా మళ్లీ వేసుకునేవారు ఉన్నారు. కుక్కుట శాస్త్రం కోడి రంగును, రోజును, దిక్కును చూస్తుందే తప్ప ఆ కోడి నిన్న కుంటిందా అన్నది చూడదు. ఫుట్‌బాల్‌లో మొదట చూడవలసింది అదే.

జట్టు ఆటను నడిపేది క్వార్టర్‌బ్యాక్. బంతి దాదాపు ప్రతిసారీ అతని చేతికే వస్తుంది. ఆటకు ముందు వారమంతా ఏ ఆటగాడి గాయం ఎంతవరకు వచ్చిందో జట్లు ప్రకటించాలన్నది నియమం. అవుట్ అంటే ఆడడు, డౌట్‌ఫుల్ అంటే ఆశ తక్కువ, క్వశ్చనబుల్ అంటే తేలలేదు. జోస్యం రాసే ముందు నేను మొదట చూసేది ఈ జాబితానే. అయితే క్వార్టర్‌బ్యాక్ లేడని జట్టును పూర్తిగా తీసిపారేయడమూ తప్పే. 2017 డిసెంబరులో ఫిలడెల్ఫియా ఈగల్స్ క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్ మోకాలు దెబ్బతిన్నది. ఆ జట్టు మొదటి సీడ్‌గా సొంత మైదానంలో ఆడుతున్నా ఓడుతుందనే అందరూ లెక్క వేశారు. ఓడుతుందనుకునే జట్టును ఇంగ్లీషులో ‘అండర్‌డాగ్’ అంటారు కాబట్టి, దానికి ఎగతాళిగా అభిమానులు కుక్క ముఖాల ముసుగులు పెట్టుకుని వచ్చారు. బదులుగా వచ్చిన నిక్ ఫోల్స్ ఆ జట్టును సూపర్ బౌల్ దాకా తీసుకువెళ్లి, న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌ను 41–33తో ఓడించాడు. గాయపడినవాడు ఎవరన్నది ఒక్కటే సరిపోదు, అతని స్థానంలోకి వచ్చేవాని చుట్టూ ఉన్న జట్టు ఎటువంటిదో కూడా చూడాలి.

రెండవది సొంత మైదానం. దీనికి మూడు పాయింట్లు కలపాలన్నది పాత లెక్క. ఇటీవల దాని విలువ తగ్గిందనే పరిశీలకులు అంటున్నారు. కోవిడ్ వల్ల ప్రేక్షకులు చాలాచోట్ల లేని 2020 సీజన్‌లో ఇంటి జట్ల గెలుపులు, ఓటములు దాదాపు సమానంగా వచ్చాయి. జనం కేకలు బంతి చేతిలో ఉన్న జట్టు సంకేతాలను వినబడకుండా చేస్తాయి. వినబడక ఒకడు ముందే కదిలితే అయిదు గజాలు వెనక్కి వెళ్లాలి. ప్రయోజనంలో చాలా భాగం అక్కడి నుంచి వస్తుంది. సూపర్ బౌల్ మాత్రం ముందే నిర్ణయించిన మైదానంలో జరుగుతుంది కనుక అక్కడ సాధారణంగా దీనిని లెక్కలోకి తీసుకోకండి.

చలి గురించి మన వాళ్లు అతిగా భయపడతారు. 2024లో మన ఊళ్లలో భోగి మంటలు చల్లారుతున్న వేళకు కాన్సాస్ సిటీలో చీఫ్స్, మయామి డాల్ఫిన్స్ సున్నాకు 20 డిగ్రీల దిగువన ఆడుతున్నాయి. చీఫ్స్ 26–7తో గెలిచింది. ఎండ ఊరి జట్టు చలికి ఓడిందని అందరూ అన్నారు గానీ, మయామికి ఆ రోజు ముఖ్యమైన రక్షణ ఆటగాళ్లు కొందరు గాయాలతో లేరు. విసరడాన్ని, తన్నడాన్ని చలికంటే గాలి ఎక్కువగా పాడుచేస్తుంది.

ఇక బంతిని పోగొట్టుకోవడం. గెలుపోటములను దీనికంటే ఎక్కువగా మార్చేది లేదు, దీనికంటే ముందుగా చెప్పలేనిదీ లేదు. జారిన బంతి ఎవరి చేతికి చిక్కుతుందన్నది చాలావరకు అదృష్టం. అటువంటి అదృష్టంతో సీజన్ అంతా నెగ్గుకువచ్చిన జట్టును ప్లేఆఫ్స్‌లో నేను ఒక మెట్టు కిందనే ఉంచుతాను.

ప్రశ్న (రాజోలు): విజేతతో పాటు స్కోరు కూడా రాయమంటున్నారు. ఏ సంఖ్య రాస్తే దగ్గరగా ఉంటుంది?

జవాబు: పాయింట్లు ఏడులు, మూడులుగా వస్తాయి కాబట్టి 17, 20, 23, 24, 27 వంటి సంఖ్యలు తరచుగా కనబడతాయి. గెలుపు తేడాలలో 3 అన్నిటికంటే ఎక్కువగా వస్తుంది, ఆ తరువాతిది 7. నలుగురైదుగురు సమాన మార్కులతో నిలిస్తే సూపర్ బౌల్‌లో రెండు జట్ల మొత్తం పాయింట్లు ఎవరు దగ్గరగా చెప్పారో చూసి తేల్చుకోండి. ప్లేఆఫ్స్‌లో ఆట సమంగా ముగియదు. తేలేదాకా అదనపు సమయం నడుస్తుంది. 2022 నుంచి అందులో రెండు జట్లకూ బంతి దక్కాలన్న నియమం ఉన్నది. ఆ నియమం కింద మొదటిసారి అదనపు సమయానికి వెళ్లిన 2024 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో శాన్ ఫ్రాన్సిస్కో జట్టు ఫార్టీనైనర్స్ మూడు పాయింట్లు తెచ్చుకున్నది, చీఫ్స్ టచ్‌డౌన్‌తో బదులిచ్చి 25–22తో గెలిచింది. తేడా మళ్లీ మూడే.

ప్రశ్న (కాకినాడ): తలా వంద రూపాయలు వేసుకుంటే పోటీ ఇంకా రక్తి కడుతుంది కదా?

జవాబు: వద్దు. డబ్బు పెట్టి పందెం కాయడాన్ని 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం నిషేధిస్తుంది. 2020లో చేసిన సవరణతో ఆన్‌లైన్ పందాలు కూడా దాని కిందకు వచ్చాయి. 2025లో పార్లమెంటు చేసిన చట్టం ఆన్‌లైన్ డబ్బు ఆటలను దేశమంతటా నిషేధించింది. గెలిచినవారికి ఓడినవారు ఆత్రేయపురం పూతరేకులు పంపించాలని పెట్టుకోండి, రక్తి తగ్గదు.

ప్రశ్న (నరసాపురం): ఆట సగమయ్యాక జోస్యం మార్చుకోవచ్చునా? మా బావగారు ప్రతిసారీ ‘నేను ముందే అన్నాను’ అంటారు.

జవాబు: ఆట మొదలయ్యేసరికే గడువు ముగియాలి. అయినా సగం ఆట చూసి మార్చినంత మాత్రాన ఆయన గెలుస్తారన్న నమ్మకమేమీ లేదు. 1993 జనవరిలో హ్యూస్టన్ ఆయిలర్స్ చేతిలో 35–3తో వెనుకబడిన బఫెలో బిల్స్ అదనపు సమయంలో 41–38తో నెగ్గింది. 2023 జనవరిలో జాక్సన్‌విల్ క్వార్టర్‌బ్యాక్ ట్రెవర్ లారెన్స్ మొదటి సగంలోనే నాలుగుసార్లు బంతిని ఎదుటివారి చేతికిచ్చి, 27–0తో వెనుకబడి కూడా, చార్జర్స్‌ను 31–30తో ఓడించాడు. 2017 సూపర్ బౌల్‌లో అట్లాంటా ఫాల్కన్స్ 28–3తో ముందున్నప్పుడు పేట్రియట్స్ పని అయిపోయిందన్నవారందరూ 34–28 చూసి నోరు మూసుకున్నారు.

తూర్పు అమెరికా సమయం జనవరిలో మనకంటే పదిన్నర గంటలు వెనుక నడుస్తుంది. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట ఆట మనకు రాత్రి 11:30కు, సాయంత్రం 4:30 ఆట తెల్లవారుజామున 3 గంటలకు, రాత్రి 8 గంటల ఆట మరునాటి ఉదయం 6:30కు మొదలవుతాయి. కాబట్టి ఆ వారపు అంకెలన్నిటినీ మొదటి ఆటకు ముందు రోజు రాత్రి భోజనాల వేళకే కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టించండి. సందేశం పక్కన సమయం ఉంటుంది. తరువాత దిద్దితే దిద్దినట్టు కూడా కనబడుతుంది. బావగారి అంకెలను మాత్రం ఆయన చేతనే రాయించండి, ఫోనులో చెప్పాను అన్న మాటను ఒప్పుకోకండి.