ఖుక్రీలో అమరుడైన చిన్నతాత జీవితం రాయడం ఎలా?

ప్రశ్న: మా ముత్తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన సుబేదారు. తాతగారూ సైన్యంలోనే పనిచేశారు. చిన్నతాతగారు మాత్రం నావికాదళంలో చేరి, 1971లో ఐఎన్‌ఎస్ ఖుక్రీ యుద్ధనౌక మునిగినప్పుడు 22 ఏళ్లకే చనిపోయారు. మా దగ్గర యూనిఫారంలో దిగిన ఫొటో ఒకటి, ఇంటికి వచ్చిన టెలిగ్రాము ఉన్నాయి. ఆయన చివరి క్షణాల గురించి ఊళ్లో తలో మాట చెబుతారు. పిల్లల కోసం ఆయన జీవితాన్ని రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
- ఒక పాఠకురాలు, సోంపేట, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఆ రాత్రి గురించి రూఢిగా తెలిసినది ఇది. 1971 డిసెంబరు 9న డయ్యూ తీరానికి దూరంగా శత్రు జలాంతర్గామి కోసం గాలిస్తున్న ఖుక్రీ, పాకిస్తాన్ జలాంతర్గామి హాంగోర్ వదిలిన టార్పెడో తగిలి నిమిషాల వ్యవధిలో మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు ప్రాణాలు కోల్పోయారు. నౌకతోపాటే జలసమాధి అయిన కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాకు మరణానంతరం మహావీర చక్ర లభించింది. మీ చిన్నతాతగారు ఆ క్షణంలో ఏం చేస్తున్నారో కళ్లారా చూసినవారు చెబితే తప్ప, దయచేసి ఊహించి రాయకండి. విధిలో ఉండగా ప్రాణమిచ్చిన మనిషికి కల్పించిన సాహసం అవసరం లేదు.

ఆయన బతికిన 22 ఏళ్ల మీద దృష్టి పెట్టండి. ఫొటోను భూతద్దంతో చూడండి: కుడి చేతి మీది గుర్తు ఆయన ఏ శాఖలో పనిచేశారో చెబుతుంది, ఎడమ చేతి మీద లంగరు ఉంటే సాధారణ నావికుడికి పై మెట్టయిన లీడింగ్ హోదాకు ఎదిగారన్నమాట. టెలిగ్రాములో గానీ, పింఛను కాగితాల్లో గానీ సర్వీసు నంబరు దొరికితే, దానితో ముంబయిలోని నావికుల రికార్డుల కార్యాలయానికి కుటుంబసభ్యులుగా దరఖాస్తు చేయండి. ఎప్పుడు చేరారు, ఎక్కడ శిక్షణ పొందారు, ఏయే నౌకల్లో పనిచేశారు అనే వివరాలు అడగండి. దరఖాస్తు రాయడంలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వారి సాయం తీసుకోవచ్చు. ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకంలో, త్యాగచక్ర గోడల మీద అమరుల పేర్లు చెక్కారు; అక్కడ ఆయన పేరు వెతకండి. డయ్యూలో ఖుక్రీ అమరులకు ప్రత్యేక స్మారకం కూడా ఉంది.

అయితే వీటన్నిటికంటే ముందు, ఆయనతో కలిసి పెరిగిన తోబుట్టువులో, ఈడువారో ఇంకా ఉంటే ఈ వారమే వెళ్లి కూర్చోండి. రికార్డులు ఆలస్యమైనా దొరుకుతాయి, పెద్దల జ్ఞాపకం అలా ఆగదు. తండ్రీ అన్నా సైన్యంలో ఉండగా ఈయన సముద్రాన్ని ఎందుకు ఎంచుకున్నారు, ఆ నిర్ణయానికి సుబేదారుగారు ఏమన్నారు, సెలవుకు వచ్చినప్పుడు ఎవరింట భోంచేసేవారు, పెళ్లి మాటలేమైనా నడిచాయా అని అడిగి, వారు చెప్పినది వారి మాటల్లోనే రాసుకోండి.