టెక్ సందేహాలు: రోజువారీ మీటింగ్‌కి వీఆర్ హెడ్‌సెట్ అవసరమా?

ప్రశ్న: మా ఆఫీసు గచ్చిబౌలిలో, టీమ్‌లో ఎనిమిది మందిమి, సగం మంది ఇంటి నుంచే పనిచేస్తాం. పొద్దుటి స్టాండప్ కాల్ (ఎవరేం చేస్తున్నారో చెప్పుకునే చిన్న మీటింగ్) ఇక వీఆర్‌లో, అంటే హెడ్‌సెట్ పెట్టుకుని చూసే వర్చువల్ రియాలిటీలో పెడదామని మేనేజర్ గారు అందరికీ మెటా కంపెనీ క్వెస్ట్ 3 హెడ్‌సెట్లు తెప్పిస్తానంటున్నారు. ట్రయల్‌లో నాకు కాసేపటికే తల తిరిగింది. ఏం చెప్పమంటారు? - ఓ పాఠకురాలు, కొండాపూర్

జవాబు: ముందు మీ సంగతి. తల తిరగడం మీ లోపం కాదండి, చాలామందికి అవుతుంది. కళ్లకేమో ముందుకెళ్తున్నట్టు కనిపిస్తుంది, లోపలి చెవేమో కదల్లేదంటుంది, ఆ తేడాకే కడుపులో తిప్పుతుంది. కూర్చునే వాడండి, జాయ్‌స్టిక్‌తో నడవకుండా టెలిపోర్ట్ (చూపించిన చోటికి ఒక్కసారిగా చేరిపోయే పద్ధతి) పెట్టుకోండి, హెడ్‌సెట్ కింద ఉండే చిన్న చక్రం తిప్పి లెన్సుల దూరం మీ కళ్లకి సరిచేసుకోండి. అయినా తిరుగుతుంటే వెంటనే తీసేయండి, ఓర్చుకుని కూర్చోవద్దు.

ఇక స్టాండప్‌కి వీఆర్ అంటే నేను వద్దనే అంటాను. పావుగంట మాటలకి 515 గ్రాముల బరువు మొహానికి తగిలించుకోవడం ఎందుకు, పైగా మొహాన్ని చూసే కెమెరా క్వెస్ట్ 3లో లేదు, గొంతును బట్టి అవతార్ (వీఆర్‌లో మీ బదులు కనిపించే బొమ్మ) పెదాలు ఆడిస్తుంది అంతే, ఎదుటివాళ్లు అలసిపోయారో చిరాగ్గా ఉన్నారో మామూలు వీడియో కాల్‌లోనే బాగా తెలుస్తుంది.

కానీ వీఆర్‌ని తీసిపారేయను. జీడిమెట్లలో కొత్త ప్లాంట్ కడుతున్నారనుకోండి, ఆ పైపు కింద నుంచి మనిషి వంగి వెళ్లగలడా, వాల్వ్ చేతికి అందుతుందా అనేది స్క్రీన్ మీద ఎంత జూమ్ చేసినా తెలీదు, హెడ్‌సెట్ పెట్టుకుని అసలు సైజులో ఆ మోడల్ మధ్య నిలబడితే చిటికెలో తెలిసిపోతుంది. బిల్డింగ్ డిజైన్, మెషిన్ ట్రైనింగ్, ఇలాంటివాటికి నిజంగా డబ్బు పెట్టొచ్చు. మీ పనిలో అలాంటిది ఉందా అని మేనేజర్ గారిని అడగండి.

ఏ యాప్‌లో పెడతారో కూడా అడగండి, ఇది ముఖ్యం. వీఆర్‌లో నలుగురూ కలుసుకునే మైక్రోసాఫ్ట్ యాప్ ఆల్ట్‌స్పేస్ 2023 మార్చిలో మూతపడింది, మెటా 2021లో తెచ్చిన మీటింగ్ యాప్ వర్క్‌రూమ్స్‌ని కూడా 2026 ఫిబ్రవరిలో ఆపేసింది. హెడ్‌సెట్లు కొన్నాక యాప్ పోతే మళ్లీ మొదటికే.

నన్నడిగితే ఎనిమిది వద్దు, రెండు కొని డిజైన్ రివ్యూలకి వాడి చూడమనండి, పడనివాళ్లు లాప్‌టాప్ నుంచే చేరొచ్చని ముందే రూల్ పెట్టించండి. నలుగురూ మార్చి మార్చి వాడతారు కాబట్టి తుడుచుకునే సిలికాన్ కవర్ తప్పనిసరి, మన ఎండాకాలం చెమటకి స్పాంజ్ ఆగదు. హెడ్‌సెట్‌ని కిటికీ పక్కన మాత్రం పెట్టొద్దు, లెన్సుల్లోంచి ఎండ పడితే లోపలి స్క్రీన్ కాలిపోయి మచ్చలు పడతాయి.