పోలీసు పెనుగులాడుతుంటే మనం చేయి వేయాలా? బెంగళూరుకి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం

మారతహళ్ళి పీజీలో ఉంటున్న ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. విజయనగరం నుంచి ఉద్యోగానికి వచ్చాడు, ఇంకా ఏడాది కూడా కాలేదు. రాత్రి షిఫ్టు అయిపోయి వస్తుంటే బ్రిడ్జి దగ్గర ఒక కానిస్టేబుల్ ఎవరినో పట్టుకుని పెనుగులాడుతున్నాడట. ఇద్దరూ కింద పడిపోయారు. చుట్టూ బోలెడంత జనం, సగం మంది వీడియో తీస్తున్నారు. "అన్నా, నేను వెళ్ళి పట్టుకోవాల్సిందా? వెళ్తే నా మీదే కేసు పడుతుందేమోనని భయం వేసింది. వెళ్ళనందుకు రాత్రంతా బాధ. భాష కూడా సరిగ్గా రాదు కదా" అన్నాడు.

నేనూ ఇలాగే చాలా ఏళ్ళ క్రితం వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాణ్ణి. ఊరుగాని ఊళ్ళో ఈ సందేహం ఎంత టెన్షన్ పెడుతుందో తెలుసు. నా సమాధానం ముందే చెప్పేస్తాను. యూనిఫాంలో ఉన్న పోలీసు మిమ్మల్ని సాయం అడిగితే చేయండి. అడగకపోతే ముందు ఫోన్, తర్వాత గొంతు, అన్నిటికన్నా చివర చేయి.

అడిగితే చేయమనడం నా సొంత అభిప్రాయం మాత్రమే కాదు. 2024 జూలై 1 నుంచి అరెస్టు, దర్యాప్తు ఎలా జరగాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. దాని 31వ సెక్షన్ ప్రకారం పోలీసు అధికారి సమంజసంగా సాయం కోరితే ప్రతి మనిషీ చేయాల్సిందే. తను అరెస్టు చేయగలిగిన మనిషిని పట్టుకోవడానికి కావచ్చు, పారిపోకుండా ఆపడానికి కావచ్చు, గొడవ అణచడానికి కావచ్చు, ప్రభుత్వ ఆస్తిని కాపాడటానికి కావచ్చు. ఇది కొత్తగా పుట్టిన నియమం కాదు, పాత చట్టంలో 37వ సెక్షన్‌గా ఉన్నదే. కావాలని సాయం చేయకపోతే, నేరాలకి శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 222వ సెక్షన్ కింద నెల వరకు జైలు లేదా 2,500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. నేరం జరగకుండా ఆపడానికో, కస్టడీ నుంచి తప్పించుకున్నవాణ్ణి పట్టుకోవడానికో అడిగినప్పుడు చేయకపోతే అది ఆరు నెలల దాకా, 5,000 రూపాయల దాకా వెళ్తుంది.

జరిమానాకి భయపడి చేయమని నేను చెప్పను. ఈ ఊళ్ళో కానిస్టేబుళ్ళలో చాలామంది ఉత్తర కర్ణాటక పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. మనలాగే అద్దె గదుల్లో ఉంటూ ఇంటికి డబ్బు పంపేవాళ్ళు. రాత్రిపూట బీట్‌లో ఒంటరిగా ఉన్న మనిషి "సర్, స్వల్ప హిడ్కొళ్ళి" అని, అంటే కొంచెం పట్టుకోండి అని అరిచాడంటే ఎంత అవసరమొస్తే అరిచాడో ఆలోచించండి.

అయితే చట్టంలో "సమంజసంగా" అన్న మాట ఉంది, అది మీకు రక్షణ. కాళ్ళు పట్టుకోమన్నాడు, పట్టుకోవచ్చు. వాకీటాకీ కింద పడింది, తీసి ఇమ్మన్నాడు, ఇవ్వాలి. జనాన్ని వెనక్కి జరపమన్నాడు, జరపండి. కత్తి తిప్పుతున్నవాడి మీద దూకమంటే మాత్రం అది సమంజసమైన కోరిక కాదని నా గట్టి నమ్మకం. అప్పుడు దూరంగా జరిగి ఫోన్ చేయడం కూడా సాయమే. ఇంకోటి, అడిగిన పని దగ్గరే ఆగిపోవాలి. చేయి పట్టుకోమంటే చేయే పట్టుకోవాలి, మెడ మీద మోకాలు పెట్టకూడదు. బేడీలు పడిన మరుక్షణం మీ పని అయిపోయింది. లేచి వెనక్కి రండి.

ఇక అసలు చిక్కు ప్రశ్న. పోలీసు ఏమీ అడగలేదు, అడిగే స్థితిలో లేడు. కింద పడి దెబ్బలు తింటున్నాడు. ఏం చేయాలి?

ఆత్మరక్షణ హక్కు మన ఒంటికి మాత్రమే అనుకుంటారు చాలామంది. న్యాయ సంహిత 35వ సెక్షన్ ప్రకారం ఇంకొకరి ప్రాణాన్ని, ఒంటిని కాపాడటానికీ ఆ హక్కు వర్తిస్తుంది. పోలీసుని కొడుతున్న మనిషిని పక్కకి లాగినందుకు మీరు నేరస్థులు అయిపోరు. కాకపోతే కాపాడటానికి ఎంత బలం అవసరమో అంతవరకే ఆ హక్కు. ప్రమాదం తప్పాక వేసే ఒక్క దెబ్బైనా రక్షణ కిందకి రాదు.

హక్కు ఉంది కదా అని ఒక్కరే దూకొద్దు. మీరు కొత్తవాళ్ళు, భాష రాదు, ఎవరు ఎవరి వైపో తెలియదు. వెనక నుంచి వచ్చే రెండో కానిస్టేబుల్‌కి మీరు సాయం చేస్తున్నారో దాడి చేస్తున్నారో ఎలా తెలుస్తుంది? అందుకే ముందు గొంతు వాడండి. చుట్టూ ఉన్నవాళ్ళలో ఒకరి వైపు వేలు పెట్టి చూపించి పిలవండి. "అణ్ణా, బన్ని, పోలీస్‌గె సహాయ మాడోణ" (అన్నా, రండి, పోలీసుకి సాయం చేద్దాం) అంటే చాలు, ఉచ్చారణ తప్పినా పరవాలేదు. చూస్తూ నిలబడ్డ గుంపులో ప్రతివాడూ పక్కవాడు కదులుతాడని ఎదురుచూస్తుంటాడు. ఒకణ్ణి పేరు పెట్టినట్టు పిలిస్తే ఆ బిగుసుకుపోయిన గుంపు కదులుతుంది. ముగ్గురు నలుగురు కలిసి దగ్గరికి రావడం చూస్తేనే చాలాసార్లు కొట్టేవాడు వదిలేసి లేస్తాడు. దగ్గరికి వెళ్ళేముందు కానిస్టేబుల్‌కి వినపడేలా "సర్, సహాయ మాడ్లా?" అని గట్టిగా అడగండి. ఆయన "బన్ని" అంటే ఇప్పుడు ఆయన అడిగినట్టే, 31వ సెక్షన్ మీ వైపు ఉంది. "దూర హోగి" అంటే దూరంగా పోవాలి, అక్కడ వాదన పెట్టుకోకూడదు. అడ్డం పడితే అది ప్రభుత్వోద్యోగి విధులకి ఆటంకం అవుతుంది, దానికి వేరే సెక్షన్లు ఉన్నాయి.

ఆయుధం కనపడితే చేయి వేయొద్దు. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు. లాఠీ, వైర్‌లెస్, శిక్షణ ఉన్న మనిషికే కష్టమైన పని అది. మీ అమ్మా నాన్నా ఊళ్ళో ఉన్నారు. మీ ఫోన్ ఆ కానిస్టేబుల్‌కి మీ చేతులకన్నా ఎక్కువ ఉపయోగం.

ఆ ఫోన్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు తడబడేది ఇక్కడే. నంబర్ 112. "పోలీసు మీద దాడి జరుగుతోంది, ఆయన ఒక్కరే ఉన్నారు" అన్నది మొదటి వాక్యం కావాలి. ఆ తర్వాత చోటు. కొత్త ఊళ్ళో వీధి పేరు తెలియదు, మ్యాప్ తెరిచేలోపు సమయం పోతుంది. తల ఎత్తి చూడండి, మెట్రో లైన్ కింద ఉంటే పిల్లర్ మీద నంబర్ రాసి ఉంటుంది, అది చెప్పండి. లేకపోతే ఎదురుగా ఉన్న షాపు బోర్డు. కన్నడ అక్షరాలు మన అక్షరాలకి దగ్గర కాబట్టి తెలుగు చదవగలిగినవాళ్ళు కూడబలుక్కుని చదివేయొచ్చు. ఫోన్‌లో తెలుగో హిందీయో ఇంగ్లీషో మాట్లాడండి, రాని కన్నడతో కష్టపడొద్దు. ఫోన్ పెట్టేయకుండా హొయ్సళ బండి, అదే ఇక్కడి పోలీసు పెట్రోలింగ్ కారు, వచ్చేదాకా అక్కడే ఉండి చేయి ఊపి చూపించండి.

ఇప్పటిదాకా చెప్పింది యూనిఫాం ఉన్నప్పటి మాట. మఫ్టీలో ఉంటే కథ మారిపోతుంది. బెంగళూరులో సీసీబీ, అంటే పోలీసుల సెంట్రల్ క్రైం బ్రాంచి వాళ్ళు చాలాసార్లు మామూలు బట్టల్లోనే వస్తారు. ఆంధ్ర, తెలంగాణ పోలీసులు కూడా నిందితుల కోసం ఇక్కడికి వస్తుంటారు. అప్పుడు మీ చెవిన పడేది తెలుగు. ఇద్దరు మనుషులు ఒక తెలుగు కుర్రాణ్ణి కారులోకి లాగుతుంటే, వాడు "అన్నా, కాపాడండి" అని అరుస్తుంటే, రక్తం ఉడుకుతుంది. అది కిడ్నాపే కావచ్చు, అరెస్టే కావచ్చు. చూసి చెప్పగలిగేవాళ్ళు లేరు. 2025 నవంబరులో ఇదే ఊళ్ళో పట్టపగలు రిజర్వ్ బ్యాంకు అధికారులమని చెప్పి ఏటీఎం డబ్బు బండిని ఆపి 7 కోట్లకు పైగా ఎత్తుకెళ్ళారు. ఆ కేసులో అరెస్టయినవాళ్ళలో ఒక కానిస్టేబుల్ కూడా ఉన్నాడు. అధికారిలా మాట్లాడినంత మాత్రాన ఎవరూ అధికారి అయిపోరు.

అందుకని మఫ్టీ వాళ్ళకి సాయంగా దూకొద్దు, వాళ్ళ మీదా దూకొద్దు. కొంచెం దూరం నుంచి "సర్, ఐడీ తోర్సి", అంటే ఐడీ చూపించండి అని అడగండి. అరెస్టు చేసే పోలీసు తన పేరు స్పష్టంగా కనపడేలా గుర్తింపు పెట్టుకోవాలని, అరెస్టు మెమో రాసి సాక్షి సంతకం తీసుకోవాలని చట్టంలోనే ఉంది. అరెస్టులు ఎలా చేయాలో చెప్పిన డీకే బసు కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది కూడా. చూపించినా చూపించకపోయినా బండి నంబర్ రాసుకుని 112కి చెప్పండి. నిజం పోలీసులైతే కంట్రోల్ రూంకి కనుక్కోవడం కష్టం కాదు. కాకపోతే ఒక ప్రాణం దక్కుతుంది.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది గుంపు కొట్టుడు. పోలీసుకి సాయం అని మొదలై, చివరికి తప్పించుకోలేని మనిషిని పాతికమంది కలిసి కొట్టడంగా మారుతుంది. 2018 మేలో ఈ ఊరి చామరాజపేటలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాడని పుకారు నమ్మి రాజస్థాన్ నుంచి పని కోసం వచ్చిన ఒక యువకుణ్ణి జనం కొట్టి చంపేశారు. అతను కూడా ఈ ఊరికి కొత్తే. ఆ గుంపులో మొదటి దెబ్బ వేసినవాళ్ళలో ఎంతమంది మంచి పని చేస్తున్నామని అనుకుని ఉంటారో. దొంగని పట్టుకునే హక్కు మామూలు మనిషికి కొంతవరకు ఉంది. కళ్ళ ముందే బెయిల్ హక్కుగా దొరకని, వారెంటు లేకుండా అరెస్టు చేయగల నేరం జరిగితే పట్టుకోవచ్చు, కానీ ఆలస్యం చేయకుండా, ఎంత ఆలస్యమైనా ఆరు గంటల్లోపు పోలీసులకి అప్పగించాలి. స్తంభానికి కట్టేసి కొట్టే హక్కు ఎవరికీ లేదు. ఐదుగురు, అంతకన్నా ఎక్కువమంది కలిసి కులమో, భాషో, పుట్టిన ఊరో కారణంగా చంపితే ఆ గుంపులో ప్రతి ఒక్కరికీ ఉరి లేదా యావజ్జీవం పడొచ్చని కొత్త న్యాయ సంహితలో విడిగా రాశారు. అలాంటి చోట మీరు అనాల్సింది "హొడీబేడి", కొట్టొద్దు అని. అది కూడా పోలీసుకి చేసే సాయమే, ఎందుకంటే ఆ మనిషిని ప్రాణాలతో స్టేషన్‌కి చేర్చాల్సిన బాధ్యత ఆయనది.

పోలీసే బేడీలు వేశాక కొడుతుంటే? అందులో మీరు పాలుపంచుకోవద్దు. దూరం నుంచి వీడియో తీసి ఉంచండి, వెంటనే గ్రూపుల్లో పంచేయకండి, అసలు ఫైల్ చెరపకండి. పోలీసుల మీద ఫిర్యాదు తీసుకోవడానికి రాష్ట్ర స్థాయిలో కంప్లైంట్స్ అథారిటీ ఉంది, మానవ హక్కుల కమిషన్ ఉంది.

తర్వాత ఏమవుతుందన్న భయం దగ్గరికి వద్దాం. తమ్ముడు అసలు ఆగిపోయింది దీనివల్లే. సాక్షిగా మీ మాట రాసుకుంటారు. పోలీసు దర్యాప్తులో రాసుకున్న వాంగ్మూలం మీద మీరు సంతకం పెట్టనవసరం లేదు, చట్టమే వద్దంటుంది. మహజర్, అంటే మన పంచనామా, దాని మీద మాత్రం సాక్షులు సంతకం పెట్టాలి. కన్నడలో రాసి ఉంటే చదివి తెలుగులోనో ఇంగ్లీషులోనో చెప్పమనండి, ఖాళీ కాగితం మీద మాత్రం ఎవరు అడిగినా సంతకం పెట్టకండి. ఆడవాళ్ళని, 60 దాటినవాళ్ళని విచారణకి స్టేషన్‌కి రమ్మని బలవంతం చేయకూడదు, వాళ్ళుండే చోటికే వచ్చి అడగాలి. పీజీలో ఉంటున్న చెల్లెళ్ళు ఇది గుర్తు పెట్టుకోవాలి.

పాస్‌పోర్టు ఆగుతుందా అని అందరూ అడుగుతారు. 1967 పాస్‌పోర్టు చట్టంలో అడ్డంకిగా రాసింది మీరు నిందితులుగా కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తున్నప్పుడు. సాక్షులకి ఆ అడ్డంకి లేదు. అమెరికా వీసా ఫారంలో కూడా మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా, శిక్ష పడిందా అని అడుగుతారు తప్ప సాక్ష్యం చెప్పారా అని అడగరు.

ఆన్‌సైట్, అంటే కంపెనీ పని మీద విదేశానికి వెళ్ళబోయేవాళ్ళకి ఒక మాట. ఇక్కడి అలవాటుతో అక్కడ దగ్గరికి వెళ్ళొద్దు. అమెరికాలో పోలీసుకి సాయం చేయాలన్న చట్టాలు ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటాయి. కాలిఫోర్నియాలో 1872 నాటి అలాంటి చట్టం ఉండేది, కాదన్నవాళ్ళకి వెయ్యి డాలర్ల దాకా జరిమానా, దాన్ని 2019లో రద్దు చేశారు. అక్కడ మామూలు మనుషుల దగ్గర కూడా తుపాకులు ఉంటాయి. వెనక నుంచి పరిగెత్తుకొస్తున్న మనిషిని చూసి పోలీసు ఏమనుకుంటాడో మీ చేతిలో ఉండదు. దూరంగా ఆగి 911కి ఫోన్ చేయండి, రెండు చేతులూ కనపడేలా ఉంచండి, జేబులో చేయి పెట్టకండి. ఆయన ఏదైనా అడిగితే, ఏం చేయబోతున్నారో నోటితో గట్టిగా చెప్పి, ఆ తర్వాతే కదలండి.