అసెంబ్లీలో మా ఎమ్మెల్యే రొమ్ము క్యాన్సర్ పరీక్షల గురించి మాట్లాడితే కోనసీమ ఆడవాళ్లకు ఒరిగేదేంటి?

ఒరుగుతుంది, కానీ ఏం అడిగారన్నదాన్ని బట్టి. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాజ్యాంగంలోని రాష్ట్ర జాబితాలోవి, అంటే రాష్ట్ర ప్రభుత్వం చూసుకోవాల్సినవి. అందుకే ప్రశ్నోత్తరాల్లో ఎమ్మెల్యే లెక్కలు అడిగితే ఆరోగ్య మంత్రి జవాబు చెప్పాలి, అది రికార్డులో ఉంటుంది. "అవగాహన పెంచాలి" అని కూర్చుంటే మాత్రం మర్నాడు పేపర్లో ఫొటో తప్ప మిగిలేదేమీ ఉండదు.

కేంద్ర మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల మహిళలకు ఐదేళ్లకోసారి శిక్షణ పొందిన సిబ్బంది చేత్తో రొమ్ము పరీక్ష చేయాలి. ఊరూరా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) ఈ మార్గదర్శకాల్లో లేదు. చేత్తో చూస్తే ఏం తెలుస్తుందిలే అనుకోకండి. ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రి 20 ఏళ్లు నడిపిన అధ్యయనంలో, రెండేళ్లకోసారి ఇలా చేత్తో పరీక్షించిన 50 దాటిన మహిళల్లో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి.

అసలు చిక్కు ఆ తర్వాతే. గడ్డ ఉందని రాసిచ్చాక సఖినేటిపల్లి నుంచి కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్లిరావాలంటే ఆ రోజు కూలి పోయినట్టే, పైగా తోడు ఇంకొకరు రావాలి. చాలామంది అక్కడే ఆగిపోతారు, గడ్డ నొప్పి పెట్టడం లేదుగా అని. తొలి దశలో క్యాన్సర్ గడ్డ సాధారణంగా నొప్పి పెట్టదు!

కాబట్టి ఎమ్మెల్యే గట్టిగా అడగాల్సింది ఇదీ: జిల్లాలో ఎంతమందిని పరీక్షించారు, ఎంతమందిని పెద్దాసుపత్రికి పంపారు, వాళ్లలో బయాప్సీ (గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) దాకా వెళ్లింది ఎందరు, ఎన్ని రోజుల్లో? రెండు నెలల్లోపు నిర్ధారణ పూర్తవ్వాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన లక్ష్యం. ఈ ప్రశ్నలు రాసి మీరే ఆయన చేతికివ్వొచ్చు.